గ్రాఫిక్స్ కార్డు మార్చాక కంప్యూటర్ దానంతటదే రీస్టార్ట్ అవుతోందా? బోర్డు కొనకముందు ఇవి చూడు

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివా. జవాబు పొడుగవుతుంది, కానీ కొత్త బోర్డుకు డబ్బు కట్టకముందు ఓపిగ్గా చదువు.

నాకు అర్థమైంది ముందు చెప్తా, తప్పుంటే సరిదిద్దు. తిరుపతి కొర్లగుంటలో ఇల్లు. నాలుగేళ్ల కింద నువ్వే విడిభాగాలు తెచ్చి బిగించుకున్న కంప్యూటర్. రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండు, జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును మార్చి కంప్యూటర్ భాగాలకు అందించే డబ్బా). ఇన్నేళ్లూ ఒక్కసారి కూడా మొరాయించలేదు. పోయిన నెల ప్రాసెసర్ తీసి రైజెన్ 7 5700ఎక్స్ వేశావు, సెకండ్ హ్యాండ్‌లో ఆర్‌టీఎక్స్ 3070 కార్డు కొన్నావు, ర్యామ్ ఇంకో రెండు స్టిక్కులు కలిపావు. అప్పట్నుంచి గేమ్ ఆడుతా ఉంటే పది, ఇరవై నిమిషాల్లో స్క్రీన్ నల్లబడి మళ్లీ మొదట్నుంచి ఆన్ అవుతోంది. బ్లూ స్క్రీన్ రావడం లేదు. ఒక్కోసారి సాయంత్రం పూట ఊరికే పాటలు వింటున్నా అట్లే అవుతోంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, కంప్యూటర్‌కి నాలుగేళ్ల నాటి 600 వీఏ యూపీఎస్ ఉంది. షాపులో చూపిస్తే బోర్డు పోయిందన్నారు.

బోర్డు ఇప్పుడే కొనొద్దు. నా అనుమానాల వరసలో అది అన్నిటికంటే చివర్న ఉంది.

నువ్వు రాసినదాంట్లో నన్ను ఆపిన మాట గేమ్ గురించి కాదు, పాటల గురించి. పాటలు వినేటప్పుడు 3070 దాదాపు ఖాళీగా ఉంటుంది, ప్రాసెసర్‌కి కూడా పనుండదు. గేమ్‌లో వచ్చే రీస్టార్ట్‌కి, పాటల దగ్గర వచ్చే రీస్టార్ట్‌కి కారణం ఒకటే అయ్యుంటే, పొద్దున పూట కూడా ఖాళీగా ఉన్నప్పుడు రావాలి కదా. సాయంత్రమే ఎందుకు? నీ దగ్గర రెండు వేర్వేరు జబ్బులున్నాయని నా అంచనా. బయటికి రెండూ ఒకే రకంగా కనిపిస్తున్నాయి. ఇట్లాంటప్పుడు ఒకదాన్ని బాగుచేసి, అయినా రీస్టార్ట్ ఆగలేదే అనుకుని, చేసిన సరైన పనినే తప్పనుకుంటాం. అందుకే రెండిటినీ విడదీసి చూడాలి.

మొదట విండోస్ దగ్గర ఉన్న సాక్ష్యం చూద్దాం. నువ్వు పెట్టిన ఫోటోలో, విండోస్ జరిగినవన్నీ రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అని ఎర్రగా ఉంది. అందులో పవర్ అనే మాట చూసి కొందరు కరెంటు సమస్య అని తేల్చేస్తారు. అది సరికాదు. పోయినసారి కంప్యూటర్ పద్ధతి ప్రకారం ఆగలేదు అని, మళ్లీ ఆన్ అయ్యాక విండోస్ రాసుకునే మాట అది. ఆన్‌లో ఉండగా నువ్వు ప్లగ్గు పీకినా అదే రాస్తుంది. పనికొచ్చేది దాని వివరాల్లో ఉన్న బగ్‌చెక్ కోడ్, అంటే బ్లూ స్క్రీన్ వస్తే దాని నంబరు. నీకు 0 ఉంది. అంటే విండోస్‌కు ఏదో తప్పు దొరికి తనే ఆగిపోలేదు, రాసుకునే వ్యవధి కూడా లేకుండా కింద నుంచి ఎవరో లాగేశారు. అదే లిస్టులో హార్డ్‌వేర్ తప్పులు రాసే హ్వియా లాగర్ (WHEA-Logger) పేరుతో 18 నంబరు ఈవెంట్ ఏమైనా ఉందేమో కూడా చూడు. అది ఉంటే ప్రాసెసర్, దాని వోల్టేజీ, ర్యామ్ వైపు చూడాలి, కథ మారుతుంది. నీ ఫోటోలో కనిపించినంతవరకు లేదు.

అట్లని బ్లూ స్క్రీన్ రాలేదని కూడా పూర్తిగా నమ్మొద్దు. విండోస్‌లో బ్లూ స్క్రీన్ వచ్చిన వెంటనే రీస్టార్ట్ చేసే సెట్టింగ్ మామూలుగానే ఆన్‌లో ఉంటుంది, కొన్నిసార్లు కంటికి ఆనకుండానే పోతుంది. స్టార్ట్‌లో వ్యూ అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్ అని వెతికి, స్టార్టప్ అండ్ రికవరీలోకి పోయి, ఆటోమేటిక్‌గా రీస్టార్ట్ అయ్యే టిక్కు తీసెయ్. ఇకమీదట బ్లూ స్క్రీన్ వస్తే అట్లే నిలబడి ఉంటుంది. టిక్కు తీశాక కూడా నల్లబడి రీస్టార్ట్ అయితే అది విండోస్ చేసింది కాదని గట్టిగా చెప్పొచ్చు.

ఇంకో సంగతి, ఈవెంట్ వ్యూయర్‌లోనే 6008 నంబరుది ఒకటుంటుంది. కంప్యూటర్ అనుకోకుండా ఏ తారీకున, ఎన్ని గంటలకు ఆగిందో దాంట్లో ఉంటుంది. నెల రోజులవి ఒక కాగితం మీద ఎక్కించు. పక్కన గేమ్ ఆడుతున్నావా, ఊరికే ఉన్నావా అని గుర్తున్నంత వరకు రాయి. ఊరికే ఉన్నప్పుడు ఆగినవన్నీ దగ్గర దగ్గర సమయాల్లో ఉంటే, ఆ సమయానికి ఇంట్లో, పక్కింట్లో ఏం ఆన్ అవుతోందో కనుక్కో. ఈ కాగితం చాలా ఇళ్లలో నాకు మల్టీమీటర్ కంటే ఎక్కువ పనికొచ్చింది.

ఇప్పుడు గేమ్‌లో వచ్చే రీస్టార్ట్ సంగతి. నీ పాత కంప్యూటర్ ఎంత కరెంటు తీసుకునేదో లెక్క వేద్దాం. 3600 ప్రాసెసర్ గట్టిగా పనిచేసినా 88 వాట్ల దగ్గర ఆగుతుంది. 1650 కార్డు 75 వాట్లు. బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లు కలిపి ఇంకో 50 అనుకో. మొత్తం 210 చిల్లర. నీ 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ నాలుగేళ్లుగా సగం బరువు కూడా మోయలేదు. అది మంచిదో కాదో నీకు తెలిసే అవకాశమే రాలేదు. ఇప్పుడు 5700ఎక్స్ 76 వాట్ల దగ్గర ఆగుతుంది, అంటే కొత్త ప్రాసెసర్ పాతదానికంటే తక్కువే తీసుకుంటుంది. మార్పంతా కార్డులో ఉంది. 3070 తీసుకునేది 220 వాట్లు. మిగతావి కలిపితే 350, 360.

ఈ కూడిక చూసి 450 సరిపోతుంది కదా అనిపిస్తుంది. కూడికలో తప్పు లేదు. కానీ 220 అనేది సగటు. ఈ తరం కార్డులు సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ సేపు ఆ సగటుకు రెట్టింపు దాకా ఎగిరి మళ్లీ దిగుతాయి. గేమ్‌లో సీన్ మారినప్పుడు, పేలుడు వచ్చినప్పుడు, లోడింగ్ అయిపోయి ఆట మొదలైనప్పుడు ఈ ఎగుళ్లు ఎక్కువ. ఆ క్షణంలో 12 వోల్టుల లైను కుంగిపోవచ్చు, లేదంటే ఎస్‌ఎంపీఎస్ లోపలున్న రక్షణ సర్క్యూట్ ఇది షార్ట్ అనుకుని ఆపేయొచ్చు. 24 పిన్నుల కనెక్టర్‌లో బూడిద రంగు వైరు ఒకటుంటుంది, దాన్ని పవర్ గుడ్ అంటారు. కరెంటు సక్రమంగా ఉంది, నువ్వు పనిచేసుకో అని ఎస్‌ఎంపీఎస్ బోర్డుకు చెప్పే వైరు అది. ఆ మాట ఒక్క క్షణం ఆగిందంటే బోర్డు వెంటనే రీసెట్ అవుతుంది. విండోస్‌కు రాసుకునే టైము ఎక్కడుంటుంది? నీ బగ్‌చెక్ 0 దీనికి సరిగ్గా అతుకుతోంది.

ఈ ఎగుళ్ల బాధ ఎంత పెద్దదయిందంటే ఎస్‌ఎంపీఎస్‌ల కోసం 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో, పెద్ద ఎస్‌ఎంపీఎస్ తన వాట్లకు రెట్టింపు బరువును 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలని రాశారు. నీది అంతకు ముందుది. 1650కి 300 వాట్ల ఎస్‌ఎంపీఎస్ చాలని చెప్పిన ఎన్‌వీడియా, 3070కి 650 వాట్లది పెట్టమంది. వాళ్లు ఊరికే చెప్పిన అంకె కాదది.

నీ ఎస్‌ఎంపీఎస్ పక్కన అంటించిన లేబుల్ కూడా చదువు. 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు రాసుందో చూసి 12తో గుణించు. 30 ఆంపియర్లు అని ఉంటే ఆ లైను మోయగలిగేది 360 వాట్లే. మిగతా 90 వాట్లు 3.3, 5 వోల్టుల లైన్లలో ఉంటాయి, వాటితో నీ కార్డుకు పనిలేదు. డబ్బా మీద 450 అని ఎంత పెద్ద అక్షరాలతో రాసున్నా సరే.

దీన్ని రూపాయి ఖర్చు లేకుండా తేల్చొచ్చు, ఈ రాత్రే చెయ్. కార్డు సెట్టింగులు మార్చే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రాము వేసుకుని, కార్డు తీసుకునే కరెంటుకు హద్దు పెట్టే పవర్ లిమిట్‌ను 60 శాతానికి దించు. అప్పుడు 3070 సుమారు 130 వాట్ల దగ్గర నడుస్తుంది. గేమ్‌లో ఫ్రేముల పరిమితి 60 పెట్టు. ఎప్పుడూ ఇరవై నిమిషాల్లో పడిపోయే గేమే రెండు మూడు గంటలు ఆడు. పడకపోతే పవర్ లిమిట్‌ను 80కి, తర్వాత 100కి తెచ్చి, ఫ్రేముల పరిమితి తీసేసి చూడు. 60 దగ్గర నిలబడి 100 దగ్గర పడిపోతే, కార్డుకు కరెంటు అందించే దారిలోనే లోపముంది. ఎస్‌ఎంపీఎస్ కావచ్చు, కేబుల్ కావచ్చు. 60 దగ్గర కూడా అట్లే పడిపోతే నా అంచనా తప్పు, అప్పుడు ర్యామ్ వైపు, కార్డు వైపు పోదాం.

కేబుల్ అన్నాను కాబట్టి నీ ఫోటోలో కనిపించింది చెప్పాలి. కార్డుకు 8 పిన్నుల సాకెట్లు రెండున్నాయి. ఒకటి ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చింది. రెండోది పాత హార్డ్ డిస్కులకు వాడే నాలుగు పిన్నుల మోలెక్స్ నుంచి కన్వర్టర్‌తో తీసుకున్నావు. అది ఈరోజే తీసెయ్. 8 పిన్నుల సాకెట్ 150 వాట్లు తీసుకోవడానికి పెట్టింది, మోలెక్స్ పిన్ను అంత మోయడానికి పుట్టలేదు. పిన్ను వదులుగా ఉంటే వేడెక్కుతుంది, ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరుగుతుంది, తర్వాత కరుగుతుంది. అట్లా కరిగి ఆడదానికి మగది అతుక్కుపోయిన కనెక్టర్లు నేను కోసి తీశాను. కన్వర్టర్ తీశాక ఆ సాకెట్ ఖాళీగా ఉంటే 3070 నడవదు కదా అంటావు. నిజమే. సరైన ఎస్‌ఎంపీఎస్ దొరికే దాకా 1650 వేసుకుని గడుపు. పైన చెప్పిన 60 శాతం పరీక్ష ఆ కన్వర్టర్‌తోనే చేయాల్సి వస్తే దగ్గరుండి చెయ్, అరగంటకోసారి ఆపి కనెక్టర్‌ను తాకి చూడు, వేడి అనిపిస్తే అక్కడితో ఆపెయ్.

కొత్త ఎస్‌ఎంపీఎస్ వచ్చాక కూడా ఒకే కేబుల్‌కు తోకలాగా వేలాడే రెండో కనెక్టర్ వాడకుండా, రెండు సాకెట్లకూ రెండు వేరే కేబుళ్లు వేయి. ఇంకో మాట, ఇది బతిమాలి చెప్తున్నా. మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్, అంటే కేబుళ్లు ఊడదీసి పెట్టుకునే రకం, మారిస్తే కేబుళ్లు కూడా దానివే వాడు. పాతవి ఇప్పటికే కేసులో చక్కగా సర్ది ఉన్నాయి కదా అని ఉంచేయొద్దు. బోర్డు వైపు కొస అందరిదీ ఒకటే, ఎస్‌ఎంపీఎస్ వైపు కొస మాత్రం కంపెనీకొక రకం, ఒకే కంపెనీలో కూడా మోడల్‌కొక రకం. సరిగ్గా దూరుతుంది, కానీ 5 వోల్టులు పోవాల్సిన చోట 12 పోతాయి. ఎం.ఆర్.పల్లిలో ఒకమ్మాయి చదువు ప్రాజెక్టంతా ఉన్న హార్డ్ డిస్కు ఒక్క సెకనులో కాలిపోయింది ఇట్లనే. డిస్కు కొత్తది దొరుకుతుంది, దాంట్లో ఉన్నది దొరకదు.

ఇక సాయంత్రాల సంగతి. నాకు నీ యూపీఎస్ మీదే గట్టి అనుమానం. లోపల ఉండేది 12 వోల్టుల, 7 ఏహెచ్ చిన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ. వేడి పెరిగేకొద్దీ దాని ఆయుష్షు తరుగుతుంది, పది డిగ్రీలు పెరిగితే సుమారు సగమవుతుందని లెక్క. మే నెలలో మన ఊళ్లో బయట 40 దాటుతుంది. బల్ల కింద గోడకు ఆనించి పెట్టిన డబ్బా లోపల ఎంతుంటుందో ఆలోచించు. మన దగ్గర ఆ బ్యాటరీ రెండు, మూడేళ్లు వస్తే గొప్ప. నీది నాలుగేళ్లది.

చచ్చిపోయిన బ్యాటరీతో ఉన్న యూపీఎస్ అసలు యూపీఎస్ లేకపోవడం కంటే ప్రమాదం. వోల్టేజీ కొంచెం కుంగితే మామూలుగా ఎస్‌ఎంపీఎస్ తనలో దాచుకున్న కరెంటుతో గట్టెక్కేది. యూపీఎస్ మాత్రం ఆ కుంగుడు చూసి, కాపాడదామని బ్యాటరీకి మారుతుంది. బ్యాటరీలో ఏమీ ఉండదు. కంప్యూటర్ ఆగిపోతుంది, వెంటనే లైను బాగుంది కాబట్టి మళ్లీ ఆన్ అవుతుంది. ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు ఆగకుండా కంప్యూటర్ ఒక్కటే రీస్టార్ట్ అయితే బోర్డు మీద అనుమానం రాక ఇంకెక్కడొస్తుంది?

పరీక్ష తేలిక. కంప్యూటర్ షట్ డౌన్ చేసి, యూపీఎస్ నుంచి దాని ప్లగ్గు తీసెయ్. ఆ చోట 60 లేదా 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు ఉన్న టేబుల్ ల్యాంపు పెట్టు. బల్బు వెలుగుతుండగా యూపీఎస్ గోడ స్విచ్చి ఆపు. బల్బు అట్లే వెలగాలి, కనీసం పది నిమిషాలు. ఆరిపోయినా, ఆరి వెలిగినా, నిమిషంలోనే పీప్ పీప్ అని ఆగినా బ్యాటరీ మార్చాలి. ఎల్ఈడీ బల్బుతో ఈ పరీక్ష చేయొద్దు, అది తీసుకునే తొమ్మిది వాట్లు సగం చచ్చిన బ్యాటరీ కూడా ఇస్తుంది.

బ్యాటరీ కొత్తది వేసినా 600 వీఏ యూపీఎస్ నీ కొత్త కంప్యూటర్‌కి చాలదు. వీఏ అంటే వాట్లు కాదు. ఆ సైజు డబ్బాల మీద సాధారణంగా 360 వాట్లని ఉంటుంది. గేమ్‌లో నీ కంప్యూటరే 350 దాటుతోంది, మానిటర్ ఇంకో 30, 40. కరెంటు పోయిన క్షణంలో ఓవర్‌లోడ్ అయి ఆగుతుంది. కార్డు మార్చినప్పుడు యూపీఎస్ గురించి ఎవరూ ఆలోచించరు, నాకు తెలిసి ఇది చాలామంది ఇళ్లలో జరుగుతోంది.

దీంతోపాటు ఇన్వర్టర్ కూడా చూడు. ఇన్వర్టర్ వెనకో, పక్కనో చిన్న స్విచ్చి ఉంటుంది. యూపీఎస్ మోడ్ ఒకవైపు, రెండోవైపు ఎకో అనో, నార్మల్ అనో, వైడ్ అనో ఉంటుంది. మోడల్‌ని బట్టి తేడా ఉన్నా, యూపీఎస్ మోడ్‌లో కరెంటు పోయాక బ్యాటరీకి మారడానికి 20 మిల్లీసెకన్ల లోపే పడుతుంది. రెండో మోడ్‌లో 40 దాకా పట్టొచ్చు. ఫ్యాను, లైటు ఆ తేడాను కనిపెట్టవు. ఎస్‌ఎంపీఎస్ మాత్రం పూర్తి బరువు మీద కరెంటు లేకుండా 16, 17 మిల్లీసెకన్లు నిలబడితే ప్రమాణం ప్రకారం ఉన్నట్టు. చవక రకాలు, పాతబడినవి అంతసేపు కూడా ఆగవు. పైగా ఆ రెండో మోడ్ వోల్టేజీ బాగా పడిపోయినా బ్యాటరీకి మారకుండా లైను కరెంటునే పంపుతూ ఉంటుంది. యూపీఎస్ మోడ్ అయితే సాధారణంగా 180 వోల్టుల దగ్గరే మారిపోతుంది.

బైరాగిపట్టెడలో ఒక అపార్ట్‌మెంట్ కేసు నా మనసులో ఇంకా ఉంది. అకౌంట్లు రాసుకునే ఆయన. ర్యామ్ మార్చారు, ఎస్‌ఎంపీఎస్ మార్చారు, చివరికి నా చేతుల మీదుగానే బోర్డు కూడా మార్చారు. వారం తిరక్కముందే మళ్లీ ఫోను. ఈసారి నేను పోయి సాయంత్రం ఆయన పక్కనే కూర్చున్నా. ఆరున్నరకు కింద వాచ్‌మన్ ట్యాంకు మోటరు వేశాడు. గదిలో ఉన్న పాత బల్బు ఒక్కసారి మందగించింది, కంప్యూటర్ రీస్టార్ట్ అయింది. మోటరు స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలుగా తీసుకునే కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది, ఆ అరసెకను లైను కుంగుతుంది. ఇన్వర్టర్ ఎకో మోడ్‌లో ఉంది. స్విచ్చి యూపీఎస్ వైపు తిప్పాం, అంతే. ఆ బోర్డు డబ్బులు ఆయనకు అక్కర్లేని ఖర్చు అయ్యాయి, ఆ తప్పు నాది. నీకు ఇంత వివరంగా రాయడానికి కారణం ఆ సాయంత్రమే. నీ గదిలో కూడా రెండు మూడు రోజులు ఒక ఫిలమెంట్ బల్బు వెలిగించి పెట్టు. ఎల్ఈడీ లోపలున్న డ్రైవర్ ఈ కుంగుళ్లను కప్పేస్తుంది, ఫిలమెంట్ దాచుకోలేదు.

బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు నడిచే బోర్డు సొంత సెట్టింగుల్లో, రీస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్ అనేది ఉంటుంది. ఈ పరీక్షలు అయ్యేదాకా దాన్ని పవర్ ఆఫ్‌లో పెట్టు. అప్పుడు నిజంగా కరెంటు తెగి ఆగితే కంప్యూటర్ ఆగే ఉంటుంది, నువ్వు బటన్ నొక్కాలి. సాయంత్రం పూట ఆగిపోయి అట్లే ఉండటం మొదలైతే నీ సగం పని అయినట్టే. ఎస్‌ఎంపీఎస్ రక్షణ సర్క్యూట్ పూర్తిగా తాళం వేసుకున్నప్పుడు కూడా ఆగే ఉంటుంది. వెనకున్న స్విచ్చి ఆపి, కాసేపాగి వేస్తే గానీ లేవదు. కాబట్టి ఎట్లా ఆగింది, ఎట్లా లేచింది అనేది కూడా ఆ కాగితం మీద రాయి. వీలైతే ఫోనును స్లో మోషన్‌లో పెట్టి కేసు ఫ్యాన్లను, లైట్లను వీడియో తీయి. ఫ్యాన్లు పూర్తిగా నిలిచి తిరిగాయా, తిరుగుతుండగానే స్క్రీన్ నల్లబడిందా అనేది కంటితో పట్టుకోలేం.

ఎర్తింగ్ గురించి అడగలేదు కానీ, కేసు ముట్టుకుంటే సన్నగా జివ్వుమంటోందని మధ్యలో ఒక ముక్క రాశావు. దాన్ని వదిలెయ్యొద్దు. ఎస్‌ఎంపీఎస్ లోపల గోల తగ్గించడానికి పెట్టిన కెపాసిటర్లు ఫేజ్‌కీ కేసుకీ మధ్య, న్యూట్రల్‌కీ కేసుకీ మధ్య ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ కాస్త కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే కేసు 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. రీస్టార్ట్‌కు ఇదే కారణమని అనను. కానీ ఈ స్థితిలో టీవీకి హెచ్‌డీఎంఐ కేబుల్ గుచ్చితే కార్డు పోర్టు పోయే అవకాశముంది, అన్నిటికంటే ముందు అది మనిషికి మంచిది కాదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ సాకెట్‌లో కొలిపించు. ఫేజ్ న్యూట్రల్ మధ్య ఎంతుందో ఫేజ్ ఎర్త్ మధ్య కూడా దాదాపు అంతే ఉండాలి, న్యూట్రల్ ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులు దాటకూడదు. పాత ఇళ్లలో బొగ్గు, ఉప్పు వేసి తీసిన ఎర్త్ గుంత ఎండాకాలంలో ఎండిపోతుంది. ముందు దాంట్లో నాలుగు బిందెల నీళ్లు పోసి మళ్లీ కొలవమను.

ర్యామ్ సంగతి క్లుప్తంగా. ర్యామ్ తప్పు చేస్తే సాధారణంగా ఒక్కోసారి ఒక్కో పేరుతో బ్లూ స్క్రీన్ వస్తుంది, ప్రోగ్రాములు వాటంతటవే మూసుకుంటాయి, ఇట్లా దీపం ఆర్పినట్టు పోవడం తక్కువ. అయినా వేరే వేరే సమయాల్లో కొన్న నాలుగు స్టిక్కులను, ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ సెట్టింగ్ ఆన్ చేసి 3200 వేగంలో నడిపిస్తున్నావు. నాలుగు స్టిక్కులు వేసినప్పుడు ఈ ప్రాసెసర్లకు ఏఎండీ హామీ ఇచ్చేది 2933, స్టిక్కుకు రెండు వైపులా చిప్పులుండే డ్యూయల్ ర్యాంక్ రకమైతే 2667 మాత్రమే. పరీక్షలన్నీ అయ్యేదాకా కొత్త రెండు తీసి పక్కన పెట్టు. పాత రెండిటిని ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో ఉంచు. తర్వాత నాలుగూ వేసి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ను రాత్రంతా వదిలి నాలుగు పాస్‌లు, అంటే నాలుగు చుట్లు, పూర్తి చేయనివ్వు. ఒక్క తప్పు చూపించినా తప్పే.

5700ఎక్స్ వేసినప్పుడు బయోస్ అప్‌డేట్ చేసుంటావు, లేకపోతే ఆన్ అయ్యేదే కాదు. ఒకసారి అన్నీ డిఫాల్ట్‌కు తెచ్చి మొదలుపెట్టు. పాత ప్రాసెసర్‌కి పెట్టుకున్న వోల్టేజీ మార్పులు ఏమైనా మిగిలుంటే పోతాయి. ఇన్వర్టర్, యూపీఎస్ రెండూ బాగున్నాయని తేలాక కూడా ఖాళీగా ఉన్నప్పుడే రీస్టార్ట్ అయితే, బయోస్‌లో పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్ అనేదాన్ని టిపికల్ కరెంట్ ఐడిల్‌కు మార్చి చూడు. రైజెన్ ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు వాడకం మరీ కిందికి దిగిపోతుంది, కొన్ని పాత ఎస్‌ఎంపీఎస్‌లు అంత తక్కువ బరువు మీద నిలకడగా ఉండవు. కేసు ముందున్న రీసెట్ బటన్ వైరును కూడా బోర్డు నుంచి పీకి రెండు రోజులు చూడు. బటన్ లోపల దుమ్ము చేరి దానంతటదే నొక్కుకున్న కేసులు రెండు చూశా. వేడి గురించి పెద్దగా చెప్పను. 5700ఎక్స్‌కు హద్దు 90 డిగ్రీలు, 3070కి 93. దగ్గరకొస్తే ముందు వేగం తగ్గించుకుంటాయి, మరీ దాటితే కంప్యూటర్ ఆగిపోయి ఉంటుంది తప్ప మామూలుగా రీస్టార్ట్ కాదు. సెకండ్ హ్యాండ్ కార్డు కాబట్టి దుమ్ము మాత్రం దులుపు.

ఎస్‌ఎంపీఎస్ కొనకముందు స్నేహితుల దగ్గర 650 వాట్లది ఒక్క రోజుకు అడిగి తెచ్చుకో. దాని కేబుళ్లతో సహా తెచ్చుకో, పైన చెప్పింది గుర్తుంది కదా. బోర్డు లేకుండా ఎస్‌ఎంపీఎస్ కనెక్టర్‌లో పేపర్ క్లిప్పు పెట్టి ఫ్యాను తిరిగిందని చూపించే పరీక్షను నమ్మొద్దు, బరువు లేకుండా ఏ ఎస్‌ఎంపీఎస్ అయినా తిరుగుతుంది. మల్టీమీటర్‌లో 12 వోల్టులు 11.4కు, 12.6కు మధ్య ఉన్నంత మాత్రాన కూడా సరిపోదు, మైక్రోసెకన్ల కుంగుడు దాని కంటికి ఆనదు. వేరే ఎస్‌ఎంపీఎస్ వేసి అదే గేమ్ రెండు గంటలు ఆడటమే అసలు పరీక్ష.

కొనేటప్పుడు 650కి తగ్గకుండా చూడు, డబ్బులు అందితే 750 తీసుకో, ఏటీఎక్స్ 3.0 లేదా ఆ తర్వాతిదైతే మంచిది. 80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అనేవి ఎంత కరెంటు వృథా కాకుండా వాడుకుంటుందో చెప్పే గుర్తులు, లోపలి భాగాలు ఎంత గట్టివో చెప్పవు. వారంటీ ఎన్నేళ్లు ఇస్తున్నారో చూస్తే అది ఎక్కువ చెప్తుంది. సప్తగిరి ఎక్కి చెన్నై పోయి రిచీ స్ట్రీట్‌లో తెచ్చుకుంటే కొంచెం తగ్గొచ్చు, మన ఊరి పిల్లలు అట్లా పోయి తెచ్చుకోవడం నేను ఎప్పట్నుంచో చూస్తున్నా. కానీ ఎస్‌ఎంపీఎస్ వరకు నా సలహా, బిల్లు ఇచ్చి, పాడైతే వెనక్కి తీసుకునే చోట ఇక్కడే కొను. వారంటీకి రెండుసార్లు చెన్నై పోయొస్తే మిగిలిందంతా పోతుంది.

ఇవన్నీ అయ్యాక, అంటే మంచి ఎస్‌ఎంపీఎస్, రెండు వేరే కేబుళ్లు, యూపీఎస్ లేకుండా నేరుగా గోడకు, పాత ర్యామ్ రెండే, బయోస్ డిఫాల్ట్, ఇన్ని చేసినా గేమ్‌లో పడిపోతే, 3070ని ఇంకొకరి కంప్యూటర్‌లో వేసి చూడు. అక్కడ కూడా పడిపోతే కార్డుదే తప్పు, అమ్మినవాళ్లతో మాట్లాడేందుకు నీ చేతిలో రుజువుంటుంది. అక్కడ నిలబడి, నీ దగ్గర 1650తో కూడా రీస్టార్ట్ అవుతుంటే అప్పుడు బోర్డు గురించి మాట్లాడదాం. ఆ మాట వచ్చినా ముందు బోర్డు విప్పి, వెనకవైపు, బోర్డును కేసుకు ఆనకుండా ఎత్తి పట్టే స్టాండాఫ్ స్క్రూల్లో అదనపుది ఏదైనా తగులుతోందేమో చూడాలి, ప్రాసెసర్ దగ్గర 8 పిన్నుల కనెక్టర్ టక్కుమని పూర్తిగా కూర్చుందో లేదో చూడాలి.

ఈ రాత్రికి కన్వర్టర్ సంగతి, విండోస్ టిక్కు, ఇన్వర్టర్ స్విచ్చి చూసుకో. 6008 సమయాలు రాసిన కాగితం, ఎస్‌ఎంపీఎస్ లేబుల్ ఫోటో పెట్టు. 12 వోల్టుల గడి స్పష్టంగా కనిపించేలా తీయి.